లంక ఊళ్ళో అత్తారిల్లు, గొంతు పట్టుకున్న భర్త: క్షేమంగా బయటికి తీసుకురావడం ఎలా?

అడిగినవారు: కాలవగట్టు

మా పిన్ని కూతురి గురించి అడుగుతున్నానండి. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ బడికెళ్తున్నారు. అత్తారిది గోదావరి పాయ అవతల లంక ఊరు. భర్త రొయ్యల చెరువులు లీజుకి చేస్తాడు. రోజూ కొట్టడు. అందుకే మా పెద్దాళ్ళు "ఎప్పుడో ఒకసారి చెయ్యి చేసుకుంటే కాపురం వదిలేసుకుంటారా" అంటారు. కానీ ఫోన్ రాత్రిపూట ఆయన తనిఖీ చేస్తాడు. డ్వాక్రా లోను ఆమె పేరున తీసుకుని మేత కొట్టుకి కట్టేశాడు. ఆధార్, పాస్‌బుక్ బీరువాలో, తాళం అత్తగారి దగ్గర. పుట్టింటికి పంపాలంటే పది ప్రశ్నలు. పోయిన నెల గోడకి ఆనించి గొంతు పట్టుకున్నాడట, మర్నాటిదాకా మాట బొంగురుగానే ఉంది.

రెండుసార్లు పెద్దమనుషులు కూర్చుని సర్దిచెప్పారు. ఇప్పుడు ఆమే వచ్చేస్తానంటోంది. నా ప్రశ్నలు ఇవి. ఇది చట్టం లెక్కలో గృహహింస కిందికి వస్తుందా? ఇల్లు దాటితే హక్కులు పోతాయని, పిల్లల్ని తెస్తే కిడ్నాప్ కేసు పెడతామని బెదిరిస్తున్నారు, అది నిజమా? చేతిలో కార్డు, డబ్బు లేకుండా ఎలా బయటపడాలి?

కేస్‌వర్కర్_గోదావరి:

ముందుగా ఒక మాటండి. ఇంకేమీ వివరాలు ఇక్కడ రాయకండి. మీరు రాసినదాన్ని బట్టే ఆ ఊరివాళ్ళు ఎవరో పోల్చుకోగలరు. ఆమె చేత ఈ చర్చ ఆమె ఫోన్‌లో తెరిపించవద్దు.

మీరు రాసినవాటిలో గొంతు పట్టుకోవడం అన్నింటికన్నా పెద్ద విషయం. చెంపదెబ్బకీ దీనికీ పోలిక లేదు. ఒకసారి గొంతు నొక్కినవాడి చేతిలో ఆ స్త్రీ ప్రాణానికి ముప్పు చాలా రెట్లు పెరుగుతుందని గృహహింస కేసులు చూసేవాళ్ళందరికీ తెలుసు. బయటికి గుర్తులు కనపడకపోవచ్చు కూడా. మాట బొంగురుపోవడం, మింగితే నొప్పి, కళ్ళల్లో ఎర్రచుక్కలు, కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం, తెలియకుండా మూత్రం పోవడం, ఇవన్నీ గొంతు నొక్కినదానికి ఆనవాళ్ళే. మెడలో రక్తనాళం లోపలి పొర చిరిగితే అక్కడ గడ్డకట్టి, రోజుల తరవాత కూడా పక్షవాతం రావచ్చు. అందుకే నెల గడిచిందని వదిలెయ్యకండి. తలనొప్పి తగ్గకపోయినా, ఒక పక్క చెయ్యి కాలు బలం తగ్గినా, మాట తడబడినా వెంటనే 108. ఏ ఇబ్బందీ లేకపోయినా డాక్టర్‌కి ఒకసారి చూపించాలి. అక్కడ "దెబ్బ తగిలింది" అనకుండా "నా భర్త రెండు చేతులతో గొంతు నొక్కాడు, ఇన్ని క్షణాలు ఊపిరాడలేదు" అని చెప్పించండి. డాక్టర్ చీటీలో ఆ మాటే ఉండాలి. ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో అయితే మెడికో లీగల్ కేసుగా (పోలీసులకీ కబురు వెళ్ళే కేసుగా) రాయమని అడగాలి. "జారి పడ్డాను" అని ఒకసారి రికార్డులోకి వెళ్తే తరవాత దాన్ని మార్చడం కష్టం.

ముప్పు ఎంత ఉందో తూచడానికి ఇంకొన్ని అడగండి. చంపుతానన్నాడా? కత్తో, పురుగుమందో చూపించాడా? కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా? ఇష్టం లేకుండా బలవంతం చేశాడా? ఎక్కడికెళ్ళినా వెంబడిస్తాడా? "నువ్వెళ్తే నేను చస్తా" అంటాడా? ఈ మధ్య ఇవి ఎక్కువయ్యాయా? చివరి ప్రశ్నకి జవాబు అవును అయితే తీరిగ్గా నెలల తరబడి ఏర్పాట్లు చేసుకునే సమయం లేదనుకోండి. చస్తానని బెదిరిస్తే 112కి చెప్పండి, ఆయనతో మాట్లాడించడానికి మానసిక సాయం ఇచ్చే ఫోన్ లైను టెలీమానస్ 14416 ఉంది. ఆయన ప్రాణానికి ఆమె వెనక్కి వెళ్ళి కాపలా కాయక్కర్లేదు.

మన వైపు అందరూ చేసే పొరపాటు, ముందు పెద్దమనుషులకి చెప్పడం. వెళ్ళిపోతుందని భర్తకి తెలిసిన రోజు, ఆ తరవాతి కొన్ని నెలలు, అదే అన్నింటికన్నా ప్రమాదకరమైన కాలం. ఇల్లు దాటేదాకా ఎవరికీ తెలియకూడదు. పుట్టింట్లో కూడా ఇద్దరికి మించి వద్దు. డ్వాక్రా గ్రూపులో ఒక్కరికి చెప్తే మీటింగు నాటికి ఊరంతా తెలుస్తుంది.

వెళ్ళేది గొడవ జరుగుతున్నప్పుడు కాదు. ఆయన తప్పనిసరిగా ఇంటికి రాలేని రోజు చూసుకోవాలి. చెరువు పట్టే రోజు అలాంటిది. తెల్లవారుజాము నుంచి వలలు, ఐసు, కొనుగోలుదారు, కాటా, లెక్కలు, మధ్యలో వదిలిరావడం కుదరదు. పిల్లల్ని బడికి తయారుచేసినట్టే తయారుచేసి మామూలు సంచితోనే బయల్దేరాలి. సూట్‌కేసు పట్టుకుంటే గట్టు మీదే నలుగురు అడుగుతారు.

దారి కూడా ముందే అనుకోండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (మనుషుల్ని, బళ్ళని ఏరు దాటించే పెద్ద పడవ) మీద వెళ్తే దగ్గర దారే, కానీ రేవులో తెలియని మొహం ఉండదు, పంటు కదిలేదాకా నిలబడాలి, వరద రోజుల్లో పంట్లు ఆపేస్తారు. చుట్టైనా చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వైపో, రావులపాలెం వైపో వెళ్ళడం నయం. ఆటో వాళ్ళ ఊరిది కాకుండా చూడండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బు లేదు గానీ గుర్తింపు కార్డు చూపించాలి. ఆధార్ బయటికి రాకపోతే టికెట్‌కి సరిపడా డబ్బు మీరు ముందే ఎవరి దగ్గరైనా ఉంచండి.

పుట్టిల్లే ఆయన మొదట వెతికే చోటు. అందుకని మొదటి రోజులకి వేరే చోటు ఆలోచించండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఏ ఫోన్ నుంచైనా, ఏ వేళైనా చేయొచ్చు. వాళ్ళే దగ్గరలోని సఖి వన్ స్టాప్ సెంటర్‌కి కలుపుతారు. అక్కడ ఐదు రోజుల వరకు ఉండనిస్తారు, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, పోలీసు సాయం అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. ఎక్కువకాలం కావాలంటే శక్తి సదన్ లాంటి వసతి గృహానికి పంపుతారు. మగపిల్లల వయసుకి పరిమితి ఉంటుంది, ఫోన్‌లోనే పిల్లల వయసులు చెప్పండి.

సివిల్‌కోర్టు_వరండా:

మీ మొదటి ప్రశ్నకి: నూటికి నూరుపాళ్ళూ వస్తుంది. 2005 గృహహింస చట్టం సెక్షన్ 3లో దెబ్బలతోపాటు లైంగిక హింస, మాటలతో మనసుని హింసించడం, ఆర్థిక హింస కూడా ఉన్నాయి. ఆమె పేరున లోను తీసుకుని తను వాడుకోవడం, పాస్‌బుక్ దాచడం, ఖర్చుకి ఇవ్వకపోవడం ఆర్థిక హింసే. రోజూ కొట్టాలన్న షరతు ఎక్కడా లేదు.

ఇల్లు దాటితే హక్కు పోతుందనేది బెదిరింపు. ఆ ఇంట్లో ఎప్పుడైనా కాపురం ఉన్న స్త్రీకి, బయటికొచ్చాక కూడా సెక్షన్ 17, 19 కింద నివాస హక్కు అడిగే వీలుంది. ఇల్లు మామగారి పేరున ఉన్నా అది ఉమ్మడి నివాసం కావచ్చని సుప్రీంకోర్టు 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో చెప్పింది. పిల్లల సంగతికొస్తే, కోర్టు ఆర్డరు ఏదీ లేనప్పుడు తల్లి తన పిల్లల్ని తనతో తీసుకెళ్ళడం కిడ్నాప్ కాదు. అయినా సెక్షన్ 21 కింద తాత్కాలిక కస్టడీ మొదటి దరఖాస్తులోనే అడిగేస్తే ఆ బెదిరింపుకి బలం ఉండదు.

చాలామందికి తెలియనిది మిస్సింగ్ కేసు. ఆమె వచ్చిన సాయంత్రానికే అత్తారు "కోడలు, పిల్లలు కనపడట్లేదు" అని స్టేషన్‌లో ఇస్తారు. పోలీసులు వెతుకుతారు, ఆచూకీ అటూ ఇటూ తెలుస్తుంది. అందుకని చేరిన రోజే ఒక కాగితం రాయండి: "నేను మేజర్‌ని, హింస భరించలేక నా ఇష్టంతో పిల్లలతో బయటికొచ్చాను, క్షేమంగా ఉన్నాను, నా చిరునామా భర్తకి, అత్తవారికి చెప్పవద్దు." అత్తారి స్టేషన్‌కి, ఎస్పీ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో (రిజిస్ట్రేషన్‌తో) పంపి రసీదు దాచుకోండి. సఖి సెంటర్‌లో ఉంటే వాళ్ళే పోలీసులకి తెలియజేస్తారు, అయినా కాపీ ఆమె దగ్గర ఉండాలి.

ఇక దారులు రెండు. ఒకటి సివిల్, ఒకటి క్రిమినల్. జైలుకి పంపడం ఇష్టం లేదని చాలామంది అసలేమీ చెయ్యరు. క్రిమినల్ కేసు లేకుండానే గృహహింస చట్టం కింద రక్షణ ఆర్డరు తెచ్చుకోవచ్చు. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో రక్షణాధికారి ఉంటారు. మీ పిన్ని కూతురు చెప్పింది విని ఆ అధికారి గృహహింస నివేదిక రాస్తారు, అది ఫారం 1. మేజిస్ట్రేట్‌కి సెక్షన్ 12 దరఖాస్తు ఫారం 2. అవతలివాళ్ళు రాకముందే వెంటనే ఆర్డరు కావాలంటే సెక్షన్ 23 కింద ఫారం 3 అఫిడవిట్ జతచెయ్యాలి. ఈ మూడో కాగితం మర్చిపోవడం వల్లే రక్షణ ఆలస్యమవుతుంది. చట్టం ప్రకారం మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో, తీర్పు 60 రోజుల్లో రావడానికి ప్రయత్నించాలి. కానీ ఆచరణలో ఎక్కువ కాలం పడుతుంది. అందుకే మధ్యంతర ఆర్డరు మీద గట్టిగా పట్టుబట్టాలి. రక్షణాధికారి నివేదిక లేకపోయినా మేజిస్ట్రేట్ ఆర్డరు ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. నివేదిక రాలేదని వాయిదా వేస్తే లాయరు చేత ఆ సంగతి చెప్పించండి.

దరఖాస్తులో అడగాల్సినవి విడివిడిగా రాయించండి: దగ్గరికి రాకూడదు, ఫోన్ చెయ్యకూడదు, పిల్లల బడి దగ్గరికి రాకూడదు (సెక్షన్ 18), నివాసం లేదా అద్దె, స్త్రీధనం తిరిగివ్వడం (19), నెలనెలా ఖర్చు, వైద్యం, డ్వాక్రా బాకీ (20), పిల్లలు (21), నష్టపరిహారం (22). రక్షణ ఆర్డరు దాటితే సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు, 20,000 వరకు జరిమానా.

క్రిమినల్ వైపు, 2024 జూలై 1 నుంచి పాత 498ఏ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85, 86 వచ్చాయి. గొంతు నొక్కడం తీవ్రతను బట్టి 109, అంటే హత్యాయత్నం కూడా కావచ్చు. ఆ తేడా తేల్చేది డాక్టర్ చీటీ, ఫిర్యాదులో రాసిన మాట. "తరచూ హింసిస్తున్నాడు" అని రాస్తే పనికిరాదు. ఏ రోజు, ఏ గదిలో, ఏమన్నాడు, ఏ చేత్తో, ఎంతసేపు, ఎవరు చూశారు, తరవాత ఏమైంది, అలా రాయాలి. ఆడపడుచు, తోడికోడలు, బావగారు అని ఇంటిల్లిపాది పేర్లూ ఎక్కించకండి. ఒక్కొక్కరు ఏం చేశారో లేకుండా పేర్లు పెడితే హైకోర్టు కొట్టేస్తుంది, అసలు ముద్దాయి మీద కేసు కూడా పలచబడుతుంది.

ఏ స్టేషన్‌లో? ఆమె వచ్చి తలదాచుకున్న చోటే ఇవ్వొచ్చు. 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. గృహహింస దరఖాస్తు కూడా ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటి కోర్టులో వేయొచ్చు, సెక్షన్ 27. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునేది) అడగండి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో, లేదా సోమవారం అర్జీల రోజున నేరుగా. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు. లాయరు ఖర్చు భయం వద్దు, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది, నంబరు 15100. కోర్టు ఉన్న ప్రతి ఊళ్ళోనూ మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది, లోపలికెళ్ళి అడగండి.

చివరిగా, స్టాంపు కాగితం మీద పెద్దమనుషులు రాయించే విడాకులు చెల్లవు (అది ఆ కులంలో అనాదిగా ఉన్న ఆచారమని కోర్టులో రుజువైతే తప్ప). ఖాళీ కాగితం మీద సంతకం ఎవరడిగినా వద్దు.

కాలవగట్టు:

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్సండి. ఫోన్ సంగతి ఒకటి తేల్చండి. ఆమె ఫోన్ నుంచి ఏమీ చెయ్యలేకపోతున్నాం. ఆధార్ బీరువాలోనే ఉండిపోతే పిల్లల బడి, బ్యాంకు ఎలా?

ఫోన్‌షాపు_తణుకు:

ఆ ఫోన్‌ని ఇప్పుడు బాగుచెయ్యాలని చూడొద్దు. వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" చూస్తే ఆయన ఫోనో ల్యాప్‌టాపో ఉండొచ్చు, గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, ఫోన్ ఎక్కడుందో చూపించే ఫైండ్ మై డివైస్ (ఇప్పుడు ఫైండ్ హబ్) ఆయన అకౌంటుతో ఉండొచ్చు. ఇవి ఈ రోజు తీసేస్తే ఈ రోజే ఆయనకి అనుమానం వస్తుంది. చూసి ఊరుకోండి. ఏర్పాట్ల మాటలన్నీ వేరే ఫోన్‌లో, అంగన్‌వాడీ టీచరుదో, ఆశాదో, బళ్ళో ఎవరిదైనా. వచ్చే రోజు ఆమె ఫోన్ ఇంట్లోనే వదిలెయ్యడం మంచిది. తెస్తే దారిలోనే ఆఫ్ చేసి, సిమ్ తీసి, ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే కొత్త జీమెయిల్‌తో వాడాలి. సిమ్ ఆయన పేరున ఉంటే అది మళ్ళీ వెయ్యకండి. ఫోన్‌లో సాక్ష్యాలు, అంటే తిట్లు, బెదిరింపు వాయిస్ మెసేజ్‌లు ఉంటే రీసెట్‌కి ముందు పంపుకోవాలి, లాయరు చూసేదాకా ఆ ఫోన్ అలాగే ఉంచడం ఇంకా మేలు. పిల్లల ట్యాబ్, స్మార్ట్ వాచ్ కూడా మర్చిపోకండి.

ఆధార్ కార్డు కోసం బీరువా పగలగొట్టే సాహసం వద్దు. ఆధార్ ఆమె వేళ్ళల్లో ఉంది. బయటికొచ్చాక ఆధార్ సెంటర్‌కి స్వయంగా వెళ్ళి వేలిముద్రలతో తీయించుకోవచ్చు. జాగ్రత్త ఒక్కటే: ఆధార్‌కి ఆయన నంబరు లింకై ఉంటే ఆన్‌లైన్‌లో ఏది నొక్కినా ఓటీపీ ఆయన ఫోన్‌కే వెళ్తుంది. ముందు కొత్త సిమ్ నంబరు ఆధార్‌కి ఎక్కించాలి, అది సెంటర్‌లో అవుతుంది. ఆ తరవాతే డిజీలాకర్, రైస్ కార్డు పనులు. బ్యాంకు ఖాతా వేరే బ్యాంకులోనో పోస్టాఫీసులోనో కొత్తది తెరిచి, ఆధార్ సీడింగ్ (ప్రభుత్వ డబ్బు పడేందుకు ఖాతాని ఆధార్‌కి కలపడం) ఆ ఖాతాకి మార్పించండి. తల్లికి వందనం లాంటివి సీడింగ్ ఉన్న ఖాతాలోనే పడతాయి. పాత ఖాతాలోనే ఉంటే డబ్బు పడ్డ ఎస్సెమ్మెస్ ఆయనకే వెళ్తుంది, కార్డూ ఆయన దగ్గరే ఉంటుంది.

ఆశా_గట్టువీధి:

బడి గురించి: ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని టీసీ లేదని చేర్చుకోకుండా ఆపకూడదు, విద్యాహక్కు చట్టంలోనే ఉంది. టీసీ తరవాత తెప్పించుకోవచ్చు. పాత బడికి కొత్త బడి పేరు చెప్పద్దని హెడ్మాస్టరుకి కాగితం ఇవ్వండి. అసలు ఆయన అక్కడే అడుగుతాడు.

ఇల్లు దాటేలోపు గొడవ వస్తే ఆవిడకి ఇవి చెప్పండి. వంటింట్లోకి, బాత్‌రూమ్‌లోకి వెళ్ళకూడదు. కొబ్బరి కత్తి, గునపం, చెరువు మందు డబ్బాలు ఉండే కొట్టు వైపు అసలు వెళ్ళకూడదు. వీధి వరండా వైపే ఉండాలి. పిల్లలు మధ్యలోకి రాకూడదు. పెద్దవాడికి ఒక మాట నేర్పండి: పక్కింటికెళ్ళి "అమ్మ మజ్జిగ తోడు అడిగింది" అంటే ఆ ఇంటివాళ్ళు 112కి చెయ్యాలి. తోడు అడగడం ఎవరికీ అనుమానం రాని మాట. ఆపదలో పోలీసుల్ని పిలిచే శక్తి యాప్ ఆమె ఫోన్‌లో వద్దు, అది పక్కింటివాళ్ళ ఫోన్‌లో ఉండనివ్వండి.

ఇంకోటి, "ఇంకా ఎందుకు ఉన్నావే అక్కడ" అని తిట్టకండమ్మా. తిట్టినవాళ్ళకి రెండోసారి చెప్పరు. ఎప్పుడు రావాలో ఆవిడే చెప్పాలి. ఆ ఇంట్లో ఏ చప్పుడుకి ఏం జరుగుతుందో ఆవిడకే తెలుసు.

కేస్‌వర్కర్_గోదావరి:

కాగితాలకి ఒక ఉపాయం. అన్నీ ఒకేసారి తేనక్కర్లేదు. పిల్లల జనన ధ్రువపత్రాలు, టీకా కార్డులు, శుభలేఖ, పెళ్ళి ఫోటోలు, ఆస్పత్రి చీటీలు, బంగారం బిల్లులు, తాకట్టు రసీదులు, చెరువు లీజు కాగితం ఏవి చేతికందితే అవి వేరే ఫోన్‌తో ఫోటో తీసి మీకు పంపించి వెంటనే ఆ ఫోన్‌లోంచి తీసేయాలి, ట్రాష్‌లోంచి కూడా. లీజు కాగితం ఎందుకంటే భరణం దగ్గర "నాకు ఆదాయం లేదు" అంటాడు. తాకట్టు రసీదు ఎందుకంటే ఆమె బంగారం ఎక్కడుందో దానివల్లే తెలుస్తుంది. రోజూ వాడే మందులు ఒక పట్టీ అదనంగా సంచిలో ఉండాలి.

డ్వాక్రా బాకీ ఆమె పేరునే ఉంటుంది కనుక బయటికొచ్చాక బ్యాంకు నుంచి లోను స్టేట్‌మెంటు తీసి, డబ్బు ఎవరి చేతికి వెళ్ళిందో గ్రూపుకి, బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పండి. మౌనంగా ఉంటే గ్రూపు మొత్తం ఆమెకి ఎదురు తిరుగుతుంది.

వచ్చాక వారంలో తప్పకుండా ఒక కబురొస్తుంది: "బట్టలు, సామాన్లు తీసుకెళ్ళు, చివరిసారి ఒక్కసారి మాట్లాడదాం." ఒంటరిగా వెళ్ళకూడదు. అన్నదమ్ములతో వెళ్ళినా తగాదా అవుతుంది. సామాన్ల కోసం కోర్టు ఆర్డరుతో పోలీసునో, రక్షణాధికారినో వెంటబెట్టుకునే వెళ్ళాలి. ఆరోజు మెలిక పెడితే వాళ్ళే రాసుకుంటారు.

అత్తారిది యానాం వైపైతే అది పుదుచ్చేరి కిందికి వస్తుంది, పోలీసు, రక్షణాధికారి వేరు. ఆమె ఇటు వచ్చాక ఇక్కడి కోర్టులోనే వేసుకోవచ్చు, అటూ ఇటూ తిరగక్కర్లేదు.

కాలవగట్టు:

చెరువు పట్టే రోజు ఆదివారం పడేలా ఉందండి. ఆరోజే తీసుకొచ్చేయమంటారా?

సివిల్‌కోర్టు_వరండా:

ఆదివారం రక్షణాధికారి ఆఫీసుండదు, కోర్టుండదు, పిల్లలు బడికెళ్తున్నామని బయటికొచ్చే వంకా ఉండదు. 181, 112, సఖి సెంటర్ మాత్రం ఉంటాయి. వీలుంటే చెరువు పట్టిన తరవాత లెక్కలు తేల్చుకోవడానికి ఆయన పట్నం వెళ్ళే సోమవారమో మంగళవారమో చూడండి. అప్పుడు ఉదయం బయల్దేరితే మధ్యాహ్నానికి సఖిలో చేరొచ్చు, మర్నాడే దరఖాస్తు తయారవుతుంది. శుక్రవారం సాయంత్రం, పండగ ముందురోజు వద్దు. ఈలోగా మళ్ళీ గొంతు మీద చెయ్యి వేస్తే రోజు, వారం, కాగితాలు ఏమీ చూడకండి. పిల్లల్ని తీసుకుని పక్కింటికి, అక్కడి నుంచి 112కి.